సీటు కింద డిక్కీ లేని బండి: ఏది ఎక్కడ పెట్టుకోవాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. పత్తి విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం. వారంలో నాలుగైదు రోజులు లక్ష్మీపూర్, నారాయణపట్నం, బంధుగాం వైపు తిరగాలి. ఇన్నాళ్లూ స్కూటర్ వాడాను. సీటు ఎత్తితే రెయిన్‌కోటు, టిఫిన్ బాక్సు, రసీదు పుస్తకాలు, విత్తనాల శాంపిళ్లు అన్నీ పట్టేసేవి. ఆ దారులకి స్కూటర్ తట్టుకోవడం లేదని మొన్న పార్వతీపురంలో ఒకాయన దగ్గర 200 సీసీ అడ్వెంచర్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బండి బాగుంది. కానీ సీటు తీస్తే బ్యాటరీ, వైర్లు, ఒక మూల చిన్న టూల్ కిట్టు, అంతే. మెకానిక్‌ని అడిగితే, లోపలి మడ్‌గార్డ్ ప్లాస్టిక్ కోసేసి రేకు పెట్టె దింపుదాం, బోలెడు చోటొస్తుంది, ఆదివారం రమ్మన్నాడు. బంధుగాం దగ్గర పల్లెలో ఉన్న అమ్మకి నెలనెలా రాయగడ నుంచి ఇన్సులిన్ పట్టుకెళ్లాలి. అది ఎక్కడ పెట్టాలో కూడా తెలియడం లేదు. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా, ఆ బండి అమ్మేసి మళ్లీ స్కూటరే కొనుక్కో అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: తమ్ముడూ, ముందు మెకానిక్‌కి ఫోన్ చేసి ఆదివారం రావడం లేదని చెప్పెయ్యండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు. ఆ కోత మాత్రం పడకూడదు. కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టవుతుంది.

వెనక చక్రానికీ సీటుకీ మధ్య ఉన్న ఆ నల్ల ప్లాస్టిక్ ఊరికే పెట్టింది కాదు. మీరు తిరిగే దారుల్లో చక్రం ఎంత పైకి లేస్తుందో చూడండి. ఈ తరహా బళ్లలో మన వైపు ఎక్కువగా కనబడే ఎక్స్‌పల్స్ 200లో వెనక చక్రం 170 మిల్లీమీటర్లు కిందికీ పైకీ ఆడుతుంది. హిమాలయన్ 411లో 180. అంటే ఇంచుమించు ఏడంగుళాలు. బండి నిలబెట్టినప్పుడు చక్రం పైన మీకు కనబడే ఖాళీ నిజంగా ఖాళీ కాదు. గోతిలో పడ్డప్పుడు చక్రం అక్కడిదాకా వస్తుంది. అందులోకి రేకు పెట్టె దింపి ఇంటి ముందు బండిని ఊపి చూస్తే ఏమీ తగలదు. మీరూ, వెనక సామానూ, ఒక పెద్ద గొయ్యీ కలిసొచ్చిన రోజున తగులుతుంది. పరిగెత్తుతున్న టైరుకి రేకు అంచు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇక నీళ్ల సంగతి. జంఝావతి నది వైపు వాగులు ఎలా ఉంటాయో మీకే బాగా తెలుసు. వానాకాలం నాలుగు నెలలూ ఎర్రమట్టి బురదే. ఆ ప్లాస్టిక్ తీసేస్తే చక్రం చిమ్మే బురదంతా నేరుగా బ్యాటరీ మీదికి, ఫ్యూజుల మీదికి, ఈసీయూ (ఇంజనుని నడిపించే చిన్న కంప్యూటర్) కనెక్టర్లలోకి పోతుంది. వెంటనే ఏమీ కాదు. నాలుగు వారాల తర్వాత ఒకరోజు బండి ఆగుతుంది. ఎందుకు ఆగిందో నారాయణపట్నం దారిలో నిలబడి కనిపెట్టడం ఎవరివల్లా కాదు.

స్కూటర్‌కి అంత చోటు ఎక్కణ్ణుంచి వచ్చిందీ, దీనికి ఎందుకు లేదూ అన్నది తెలిస్తే మీకు బండి మీద కోపం తగ్గుతుంది. స్కూటర్‌కి వెనక చక్రం చిన్నది, చాలావాటికి 10 అంగుళాలే. ఇంజను ఆ చక్రం పక్కనే కూర్చుని చక్రంతో పాటే ఊగుతుంది. చక్రం పెద్దగా పైకి లేవదు. దాంతో సీటు కింద ఉన్నదంతా మిగిలిపోతుంది, అక్కడ డిక్కీ పెట్టారు. అడ్వెంచర్ బండికి ముందు 21 అంగుళాల చక్రం, వెనక 17 లేక 18. ఇంజను మధ్యలో. దాని వెనక ఎయిర్ ఫిల్టర్ డబ్బా, బ్యాటరీ, షాకబ్జార్బర్. ఆ పైన చక్రం ఆడడానికి వదిలిన జాగా. గుంతల్లో నడుము విరగకుండా మిమ్మల్ని ఇంటికి చేర్చేది ఆ జాగానే. డిక్కీ పోయింది అందుకే. ఈ చిక్కుకి హోండా వాళ్లు ఎన్‌సీ 750 ఎక్స్ అనే బండిలో ఇంకో దారి పట్టారు. పెట్రోల్ ట్యాంకుని సీటు కిందికి దించి, మామూలుగా ట్యాంకు ఉండే చోట 23 లీటర్ల పెట్టె ఇచ్చారు. హెల్మెట్ పడుతుంది. అంటే చోటు కావాలంటే బండిని మొదటి గీత నుంచీ అలా గీయాలి. తయారైపోయిన బండిని కోసి తెచ్చుకునేది కాదు అది.

అందుకని మీరు అడగాల్సింది సీటు కింద చోటు ఎలా పెంచాలని కాదు. ఉన్న గుప్పెడు చోటు దేనికి ఇవ్వాలని. నా మటుకు నేను ఒకటే చెబుతాను. దారిలో బండి ఆగిపోతే మిమ్మల్ని అక్కణ్ణుంచి కదిలించే వస్తువులకే ఆ చోటు. రోజూ వాడేవి, మీ ఒంటికి సంబంధించినవి, కంపెనీ సామాను, ఇవేవీ అక్కడికి వెళ్లకూడదు.

ముందు అసలు చోటెంతో కొలవండి. చూపుకి ఆనదు, ఎందుకంటే సీటు అడుగున ప్లాస్టిక్ గట్లు, రబ్బరు బుడిపెలు కిందికి దిగి ఉంటాయి. వంటింట్లోంచి చపాతీ పిండి ముద్ద ఒకటి తీసుకోండి. నిమ్మకాయంత ఉండలు చేసి, ఒక్కోదాన్నీ పల్చటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఖాళీ అనిపించిన చోటల్లా ఒకటి పెట్టండి. బ్యాటరీ మీద వద్దు, అది ఎలాగూ మన చోటు కాదు. సీటు మెల్లగా దించి తాళం పడేదాకా నొక్కండి. మళ్లీ తీసి చూడండి. కొన్ని ఉండలు అప్పచ్చిలా అణిగిపోయి ఉంటాయి, కొన్ని చెక్కు చెదరకుండా ఉంటాయి. అణిగినవాటి మందం చూస్తే అక్కడ ఎంత ఎత్తు వస్తువు పడుతుందో వేలితో కొలిచినట్టు తెలుస్తుంది. దానికన్నా అరంగుళం తక్కువ ఉన్నదే అక్కడ పెట్టాలి. మీరు కూర్చున్నప్పుడు సీటు అడుగు ఇంకాస్త కిందికి వంగుతుంది కదా.

ఈ అరంగుళం నియమం చాదస్తం కాదు. సీటు బరువు దాని రబ్బరు బుడిపెల మీద పడాలి. కింద కుక్కిన సామాను మీద పడితే సీటు అడుగు ప్లాస్టిక్ పగులుతుంది, తాళం సరిగ్గా పట్టదు, అన్నిటికన్నా చెడ్డది, కింద నలిగిన వైరు తొడుగు రోజూ కొంచెం కొంచెంగా అరిగిపోతుంది.

కొలిచేటప్పుడే ఇంకో రెండు చూసుకోండి. కొన్ని బళ్లలో ఇంజను గాలి పీల్చుకునే నోరు సీటు కిందే ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి గొట్టంలాగో, జాలీ కిటికీలాగో పైకి తేలి కనబడుతుంది. మీ బండిలో ఉందేమో వెతకండి. ఉంటే దాని చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు దేనికీ ఇవ్వకండి. అక్కడ గుడ్డ కుక్కితే బండి ఘాట్‌లో లాగదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, మీరేమో క్లచ్ ప్లేట్లు పోయాయనుకుని డబ్బు తగలేస్తారు. రెండోది, అడుగున నీళ్లు పోయే చిల్లులు. టూల్ కిట్టు చుట్టిన గుడ్డ సరిగ్గా ఆ చిల్లు మీద కూర్చుంటే వాగు దాటినప్పుడు చేరిన నీళ్లు అక్కడే నిలుస్తాయి. వాగు దాటిన రోజు సాయంత్రం సీటు తీసి కాసేపు ఆరబెట్టడం మంచి అలవాటు. సర్వీసింగ్ షాపులో ప్రెషర్ నీళ్లు సీటు కింద కొట్టనివ్వకండి.

ఇప్పుడు అక్కడ పెట్టవలసినవి. కంపెనీ ఇచ్చిన టూల్ కిట్టుతో మొదలుపెట్టండి. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి అందులో సగం ఉండకపోవచ్చు. ప్లగ్గు పానా ఉందా, మీ బండి బోల్టులకి సరిపోయే పానాలూ అలెన్ కీలూ ఉన్నాయా, వెనక యాక్సిల్ నట్టుకి పానా ఉందా చూడండి. ఆ చివరిదే ఎక్కువ కిట్లలో దొరకదు, అది లేకపోతే వెనక పంక్చర్ వెయ్యలేరు. స్పోకుల చక్రాలు, లోపల ట్యూబులు. ట్యూబ్‌లెస్ టైర్లకి వేసినట్టు బయటి నుంచి పుల్ల గుచ్చితే పని జరగదు, చక్రం విప్పాల్సిందే.

తర్వాత ఫ్యూజులు. అగ్గిపెట్టె కన్నా తక్కువ చోటు, కానీ ఒక్క ఫ్యూజు పోతే 200 సీసీ బండి తోసుకెళ్లాలి. రంగు చూసి గుర్తుపట్టొచ్చు: 10 ఆంపియర్లు ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. మీ ఫ్యూజు డబ్బా మూత తీసి ఏ రంగులున్నాయో చూసి ఒక్కోటి రెండేసి కొనండి. పోయిన ఫ్యూజు చోట సిగరెట్ ప్యాకెట్టు లోపలి వెండి కాగితం చుట్టి పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, అలా చేస్తే ఫ్యూజు బదులు వైరింగ్ కాలుతుంది.

తెగిన చైన్‌ని మళ్లీ కలిపే చైన్ లాక్ ఒకటి పెట్టుకోండి, కానీ మీ చైన్ సైజుదే. సైజు చైన్ పలకల మీదే అచ్చేసి ఉంటుంది. చిన్న ఎం-సీల్ ప్యాకెట్టు ఒకటి, ఎందుకంటే మన దారుల్లో రాయి లేచి ఇంజను కింద తగలడం అరుదేమీ కాదు, ఆయిల్ కారే పగులుని అది తాత్కాలికంగా మూస్తుంది. వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగులు ఒక గుప్పెడు, నల్ల ఇన్సులేషన్ టేపు, రెండు మూరల బైండింగ్ వైరు, పంక్చర్ ప్యాచీలు, సొల్యూషన్. సొల్యూషన్ ట్యూబు ఒకసారి తెరిస్తే కొన్నాళ్లకి లోపలే ఎండిపోతుంది, వానాకాలం ముందు కొత్తది మార్చండి. క్లచ్ వైరు స్పేర్ అక్కడ చుట్ట చుట్టి పెట్టక్కర్లేదు. ఇప్పుడున్న వైరు పక్కనే దాన్నీ నడిపించి ట్యాగులతో కట్టెయ్యండి, రెండు కొనలకీ టేపు చుట్టండి. పాతది తెగిన రోజు ఇటు విప్పి అటు తగిలించడమే.

వీటిని పెట్టే తీరు ముఖ్యం. పానాలు విడిగా పడేస్తే గతుకుల్లో కదిలి కదిలి, ఏదో ఒకనాడు బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కీ ఫ్రేముకీ మధ్య అడ్డంగా పడొచ్చు. 12 వోల్టులే కదా అనుకోకండి. పానా ఎర్రగా కాలి టెర్మినల్‌కి అతుక్కుపోతుంది, పక్కన ప్లాస్టిక్ ఉంది, ముందు పెట్రోల్ ట్యాంకు ఉంది. కాబట్టి ముందు ఆ టెర్మినల్ మీద ఎర్ర రబ్బరు టోపీ ఉందో లేదో చూడండి. సెకండ్ హ్యాండ్ బళ్లలో ఎక్కువగా ఊడిపోయి ఉంటుంది. లేకపోతే సైకిల్ ట్యూబు ముక్క తొడిగి టేపు వెయ్యండి. పానాల్ని పాత లుంగీ గుడ్డలో ఒక్కోదాన్నీ మడతకొకటిగా చుట్టండి, ఒకదానికొకటి తగలకుండా. పైన బైకు ట్యూబు నుంచి కోసిన రెండు వేళ్ల వెడల్పు రింగులు రెండు వెయ్యండి. చేత్తో ఊపితే చప్పుడు రాకూడదు. చప్పుడు వస్తోందంటే కదులుతోందని, కదిలేది ఏదైనా అరుగుతుంది, పక్కదాన్నీ అరగదీస్తుంది.

ఇంకొక సంగతి మీ బండిలో ఉందేమో గమనించండి. కొన్ని అడ్వెంచర్ బళ్లలో వెనక సీటు తాళంతో వస్తుంది, ముందు సీటు మాత్రం బోల్టులు విప్పితేగాని రాదు. ఆ బోల్టులు విప్పే అలెన్ కీ ముందు సీటు కిందే పెట్టుకుంటే అవసరం వచ్చిన రోజున మీరు చూస్తూ నిలబడాలి. ఆ ఒక్క కీ తాళాల గుత్తికి తగిలించుకోండి, లేదా హ్యాండిల్ దగ్గర ట్యాగుతో కట్టండి. తాళంతోనే మొత్తం వచ్చేదయితే ఆ తాళం రంధ్రంలో నెలకోసారి రెండు చుక్కలు పల్చటి నూనె వెయ్యండి. ఎర్రమట్టి దుమ్ము పట్టి అవి బిగుసుకుపోతాయి, బలవంతంగా తిప్పితే తాళం చెవి విరుగుతుంది.

ఇక అమ్మగారి ఇన్సులిన్. దీనికి సీటు కింద చోటు ఉన్నా పెట్టకూడదు, తమ్ముడూ. ఎండలో నల్ల సీటు, కింద బ్యాటరీ, ఒక పక్క సైలెన్సర్ సెగ, ముందు ఇంజను వేడి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడడం మొదలుపెట్టిన సీసా చాలా రకాల్లో సుమారు నాలుగు వారాలు మామూలు గది వాతావరణంలో ఉంటుంది, మన ఎండాకాలపు వేడిలో కాదు. పెట్టెలో మడతపెట్టిన కాగితంలో ఆ మందుకి ఎన్ని డిగ్రీలు, ఎన్ని రోజులు అన్నది రాసి ఉంటుంది, ఒకసారి చదవండి. వేడికి చెడిపోయిన ఇన్సులిన్ చాలాసార్లు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. అమ్మగారు రోజూ వేసుకుంటూనే ఉంటారు, షుగర్ మాత్రం దిగదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. డాక్టరు డోసు పెంచుతారు. తర్వాతి నెల మంచి మందు వస్తే ఆ పెంచిన డోసుతో షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. అది ప్రమాదం.

కాబట్టి అది మీ ఒంటి మీదే వెళ్లాలి. వెడల్పు మూతి ఉన్న చిన్న స్టీలు ఫ్లాస్కు తీసుకోండి. మందుల షాపులో ఇచ్చే చల్లటి జెల్ ప్యాకెట్టుని పొడి చేతిరుమాల్లో రెండు మూడు మడతలు చుట్టి అడుగున పెట్టండి, దాని మీద ఇన్సులిన్ పెట్టెతో సహా. మంచు గడ్డ మందుకి నేరుగా తగలకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనికిరాదు, పారెయ్యాల్సిందే. ఫ్లాస్కు వీపు సంచిలో పెట్టుకోండి. మందు రాయగడలో చివరి పనిగా కొనండి, దారిలో రైతుల దగ్గర ఆగే రోజున కాకుండా నేరుగా ఊరికి వెళ్లే రోజున. అక్కడ ఫ్రిజ్ లేకపోతే మట్టికుండ ఉపాయం మంచిదే. తడి ఇసుక పోసిన కుండలో చిన్న కుండ పెట్టి అందులో మందు ఉంచితే బయటికన్నా చల్లగా ఉంటుంది. ఫ్రిజ్ అంత చల్లదనం దానికి రాదు కాబట్టి అలాంటప్పుడు నెలకి సరిపడా కాకుండా రెండు వారాలకి పట్టుకెళ్లడం మేలు. ఎంత నిల్వ ఉంచాలో డాక్టరుగారినీ అడగండి.

విత్తనాల శాంపిళ్లు కూడా సీటు కింద వద్దు. వేడికీ చెమ్మకీ గింజ మొలక శాతం పడిపోతుంది. రైతుకి మీరు చూపించే గింజే మొలవకపోతే మీ మాట ఎవరు నమ్ముతారు? అదొకటైతే ఎలుకలు ఇంకొకటి. పల్లెల్లో రాత్రి గాదె పక్కనో పశువుల పాక పక్కనో బండి పెడతారు. సీటు కింద వెచ్చగా, చీకటిగా ఉంటుంది. అందులో గింజలో, తిన్న బిస్కెట్ ప్యాకెట్టో, అటుకుల పొట్లమో ఉంటే వాసనకి వచ్చి తీరుతాయి. వచ్చాక పక్కనున్న వైర్లు కొరుకుతాయి. తిండి అన్నది ఏదీ అక్కడ పెట్టకండి, చుట్టిన గుడ్డ మెత్తగా ఉంటే అందులోనే గూడు కడతాయి కాబట్టి నెలకోసారి సీటు తీసి చూడండి. ఇంకోమాట, కంపెనీ పత్తి విత్తనాలకి పురుగుమందు పూత ఉంటుంది. రంగు వేసి ఉండేది అందుకే. టిఫిన్ బాక్సు ఉన్న సంచిలో వాటిని పెట్టొద్దు, ఇన్సులిన్ ఉన్న సంచిలో అసలే వద్దు.

పవర్ బ్యాంకు, సెంటు స్ప్రే, చైన్ స్ప్రే డబ్బా, లైటర్, సీసాలో పెట్రోలు, ఇవి సీటు కింద కనబడితే వెంటనే తీసెయ్యండి. స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలు మించిన వేడిలో ఉంచవద్దని వాళ్లే అచ్చువేస్తారు. చైన్‌కి కావాలంటే 90 గ్రేడు గేర్ ఆయిల్ చిన్న సీసాలో పోసుకుని వెనక బ్యాగులో పెట్టుకోండి, సరిపోతుంది.

మరి టైర్ లివర్లు, గాలి పంపు, స్పేర్ ట్యూబు సీటు కింద పట్టవు కదా అంటారు. వాటికి పీవీసీ గొట్టం. శానిటరీ షాపులో 110 మిల్లీమీటర్ల పైపు అడుగు పైచిలుకు ముక్క కోయించండి. ఒక కొనకి మామూలు మూత సొల్యూషన్‌తో అతికించండి, రెండో కొనకి మరలతో తిరిగే క్లీన్ ఔట్ మూత. అడుగు మూతకి సన్న చిల్లు ఒకటి, నీరు పోవడానికి. సైలెన్సర్ లేని వైపున, లగేజీ రాక్ కడ్డీకి గానీ సైడు ఫ్రేముకి గానీ రెండు క్లాంపులతో బిగించండి, మధ్యలో రబ్బరు ముక్క వెయ్యండి. బిగించాక ఇద్దరు బండి వెనక కూర్చుని గట్టిగా ఊపి, గొట్టం టైరుకీ చైన్‌కీ ఇండికేటరుకీ తగలడం లేదని చూడండి. మీ మెకానిక్ చేతికి ఈ పని ఇవ్వండి. ఆయన మీకు చోటు చేసిపెట్టాలనే అన్నాడు, పాపం, ఇది ఆయనకీ నచ్చుతుంది.

ట్యూబు ఒక్కటే పెట్టే చోటుంటే ముందు చక్రానిదే, 21 అంగుళాలది, పెట్టుకోండి. అవసరానికి దాన్ని మడత పడకుండా సర్ది వెనక టైర్లో ఎక్కించి మెల్లగా ఊరు చేరొచ్చు. వెనక ట్యూబు ముందు చక్రానికి చాలదు. ట్యూబుకి పౌడరు రాసి, గాలి పూర్తిగా తీసి, జిప్ కవర్లో పెట్టి, పైన గుడ్డ చుట్టండి. అలా చుట్టకపోతే గొట్టం లోపల రాసుకుని రాసుకుని, కావలసిన రోజుకి కొత్త ట్యూబుకే చిల్లు ఉంటుంది.

రెయిన్‌కోటు, టిఫిన్, రసీదు పుస్తకాలు, శాంపిళ్లు, ఇవన్నీ వెనక సీటు మీద కట్టుకునే బ్యాగులోకి. ఎవరినీ ఎక్కించుకోని రోజుల్లో బ్యాగుని రాక్ మీద కాకుండా వెనక సీటు మీదే, మీ నడుముకి దగ్గరగా కట్టండి. బరువు ఎంత వెనక్కి, ఎంత పైకి పోతే సుంకి ఘాట్ లాంటి మలుపుల్లో, ఇసుకలో బండి అంత తేలిపోతుంది. రెయిన్‌కోటు అన్నిటికన్నా పైన ఉండాలి. కొరాపుట్ వైపు కొండల్లో వాన చెప్పి రాదు, బ్యాగంతా విప్పి అడుగునుంచి తీసేలోపు రసీదు పుస్తకాలు తడిసిపోతాయి. వాటికి వేరే ప్లాస్టిక్ సంచి. వసూలు డబ్బు మాత్రం బ్యాగులో కాదు, మీ దగ్గరే.

ఇంతా చేశాక ఒక ఆదివారం ఇంటి ముందే వెనక చక్రం విప్పి, ట్యూబు తీసి, మళ్లీ ఎక్కించండి. బండి మీద ఉన్న సామానుతోనే చెయ్యాలి, ఇంట్లోంచి ఏదీ తేకూడదు. సెంటర్ స్టాండ్ లేని బండి అయితే ఎలా నిలబెడతారు? సైడు స్టాండు మీద వంచి, రెండో పక్క ఫ్రేము కింద కర్ర ఊతం పెట్టి, ముందు బ్రేకు లివర్‌ని రబ్బరు రింగుతో నొక్కి కట్టేస్తారు. ఇవన్నీ దారిలో మొదటిసారి చెయ్యడం కన్నా ఇంటి దగ్గర చెయ్యడం నయం. ఏ పానా లేదో, ఏ పంపు గాలి పట్టడం లేదో, ఏది దండగ బరువో ఆ ఒక్క పూటలో తేలిపోతుంది.

నాన్నగారి మాట. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. మీ తిరుగుడు ఎక్కువగా తారు రోడ్డు మీదే, రాయగడ నుంచి లక్ష్మీపూర్ దాకానే అయితే స్కూటరే సుఖం, డిక్కీ సుఖం కూడా కలిసొస్తుంది. కానీ మీరు రాసినదాన్నిబట్టి తారు దిగి పల్లెల్లోకి వెళ్లడమే మీ ఉద్యోగం. ఆ గుంతల్లో పెద్ద చక్రం నడిచినట్టు చిన్న చక్రం నడవదు. సామాను ఎక్కడైనా సర్దుకోవచ్చు, చక్రం సైజుని సర్దలేం. బండి ఉంచుకోమనే నా సలహా. ఆయన భయం డిక్కీ గురించి కాకపోవచ్చు, కొత్త బండితో మీరు ఎక్కడ ఆగిపోతారోనని. పంక్చర్ మీరే వేసుకోగలరని ఒకసారి చూపిస్తే సగం నిమ్మళిస్తారు.

రేకు పెట్టె మీద ఇంకా మనసుంటే వెనక రాక్ మీద బోల్టులతో బిగించుకునేది తీసుకోండి. రాక్ ఎన్ని కిలోలు మోస్తుందో మాన్యువల్‌లో ఉంటుంది, పెట్టె బరువు కూడా అందులోదే. ఫ్రేముకి వెల్డింగ్ మాత్రం పెట్టించొద్దు. బ్యాటరీ వైర్లు తీయకుండా వెల్డింగ్ చేస్తే ఈసీయూ కాలిపోయే ప్రమాదం ఉంది, ఫ్రేము బలమూ ఆ చోట తగ్గుతుంది, రేపు ఇన్సూరెన్స్ వాళ్లు దాన్ని పట్టుకుని అడ్డం తిరగొచ్చు.

కాగితాలకి చోటు వెతకక్కర్లేదు. డిజిలాకర్, ఎంపరివాహన్‌లో ఉన్న ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు చెల్లుతాయి. సిగ్నల్ లేని చోట పనికొచ్చేలా జిరాక్సులు ఒక జిప్ కవర్లో సీటు కింద పెట్టుకోండి, ఒరిజినల్ ఆర్సీ ఇంట్లోనే ఉండనివ్వండి. బండి పార్వతీపురం నుంచి తెచ్చారు కాబట్టి అది ఏపీ నంబరే అయి ఉంటుంది. అమ్మినాయన చేత ఫారం 28 మీద ఎన్‌ఓసీకి, అంటే ఆ రాష్ట్ర ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రానికి, పెట్టించండి. వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచితే ఇక్కడి నంబరు, అంటే మీకు ఓడీ 18, తీసుకోవాలి. పేరు మార్పిడికి మాత్రం అంత గడువు లేదు. అది ఈ నెలలోనే మొదలుపెట్టండి, ఆయన ఫోన్ ఎత్తుతుండగానే.